పాఠశాల పాఠ్యప్రణాళిక రూపకల్పన

బడిలో పిల్లలకు ఏమి నేర్పాలి, ఏ వయసులో నేర్పాలి, ఏ వరసలో నేర్పాలి, నేర్చుకున్నారో లేదో ఎలా తెలుసుకోవాలి అనే నిర్ణయాలన్నీ కలిపితే పాఠ్యప్రణాళిక. వాడుకలో సిలబస్‌నే పాఠ్యప్రణాళిక అనుకుంటారు గాని, తరగతివారీ అంశాల పట్టిక అయిన సిలబస్ అందులో ఒక భాగం మాత్రమే. పాఠ్యపుస్తకం, పీరియడ్ల కేటాయింపు, బోధన పద్ధతి, ఉపాధ్యాయ శిక్షణ, పరీక్ష అన్నీ ప్రణాళికలోకే వస్తాయి. ఇవన్నీ ఒకే దిక్కుకు లాగితేనే చదువు ముందుకు కదులుతుంది. పుస్తకం ఆలోచించమని, పరీక్ష అప్పజెప్పమని అంటే పిల్లలు పరీక్ష మాటే వింటారు.

గణితంలో, విజ్ఞాన శాస్త్రంలో దేశాలను పోల్చి చూసే టిమ్స్ అధ్యయనాలు పాఠ్యప్రణాళికను మూడు పొరలుగా విడదీస్తాయి. ప్రభుత్వం కాగితం మీద ఉద్దేశించినది మొదటిది, తరగతి గదిలో అమలైనది రెండోది, పిల్లల బుర్రకు అందినది మూడోది. భారతదేశం విషయంలో పరీక్షలో అడిగేది అనే నాలుగో పొరను కూడా కలుపుకోవాలి. మన దేశంలో పాఠ్యప్రణాళిక సంస్కరణల చరిత్రంతా ఈ పొరల మధ్య ఎడం తగ్గించడానికి చేసిన ప్రయత్నాల చరిత్రే. కాగితం మీది ఆదర్శాలకు మాత్రం ఏనాడూ కొరత రాలేదు.

సిద్ధాంతాలు

ఈ రంగంలో తొలి పుస్తకాల్లో ఒకటి అమెరికా విద్యావేత్త ఫ్రాంక్లిన్ బాబిట్ 1918లో వెలువరించినది. కర్మాగారాల్లో పని విభజనకు వాడే లెక్కలను ఆయన బడికి తెచ్చాడు. పెద్దయ్యాక మనిషి చేసే పనులన్నిటినీ జాబితా వేసి, వాటికి కావలసినవే నేర్పాలన్నాడు. ఎక్కువ కాలం నిలిచినది మాత్రం రాల్ఫ్ టైలర్ 1949లో వేసిన నాలుగు ప్రశ్నల చట్రం. ఏ లక్ష్యాల కోసం బడి నడుపుతున్నాం? వాటిని చేరడానికి పిల్లలకు ఏ అనుభవాలు కల్పించాలి? వాటిని ఏ క్రమంలో పేర్చాలి? లక్ష్యం చేరామని ఎలా తెలుస్తుంది? నేటికీ మన బీఎడ్ కళాశాలల్లో పాఠ్యప్రణాళిక పాఠం ఇక్కడి నుంచే మొదలవుతుంది.

టైలర్ ఈ ప్రశ్నలను గాలిలోంచి తీయలేదు. 1930లలో అమెరికాలో ముప్ఫై ఉన్నత పాఠశాలలతో ఎనిమిదేళ్ల ప్రయోగం ఒకటి జరిగింది. కళాశాల ప్రవేశానికి ఉన్న నిర్ణీత సబ్జెక్టుల షరతును ఆ బడుల పిల్లలకు సడలించారు. ఉపాధ్యాయులు తమ ప్రణాళికను తామే రాసుకున్నారు. మూల్యాంకన బాధ్యత టైలర్ తీసుకున్నాడు. ఆ బడుల నుంచి కళాశాలకు వెళ్లిన 1,475 మందిని, అన్ని విధాలా వారితో సరితూగే మామూలు బడుల విద్యార్థులతో జతలుగా పోల్చి చూశారు. ప్రయోగ బడుల పిల్లలు చదువులో వెనకబడలేదు; కొన్ని విషయాల్లో కాస్త ముందే ఉన్నారు. ఫలితాలు 1942లో వచ్చేసరికి దేశం యుద్ధంలో ఉంది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కళాశాల ప్రవేశ నిబంధనలు బడి ప్రణాళికను శాసించకపోతే చదువు చెడిపోతుందన్న భయానికి ఇంత పెద్ద జవాబు మళ్లీ దొరకలేదని చెప్పవచ్చు.

1957లో సోవియట్ యూనియన్ స్పుత్నిక్ ఉపగ్రహాన్ని ప్రయోగించాక అమెరికాలో సైన్సు చదువు మీద గుబులు పుట్టింది. 1959లో వుడ్స్ హోల్‌లో జరిగిన శాస్త్రవేత్తల, మనోవిజ్ఞానుల సమావేశం నుంచి మనోవిజ్ఞాని జెరోమ్ బ్రూనర్ పుస్తకం వచ్చింది. ఏ విషయాన్నయినా దాని మూలభావన చెడకుండా చిన్నపిల్లలకు అందే రూపంలో చెప్పవచ్చనీ, పై తరగతుల్లో మళ్లీ మళ్లీ అదే భావనకు మరింత లోతుగా రావాలనీ ఆయన వాదన. దీన్నే సర్పిలాకార ప్రణాళిక అంటారు. మన పుస్తకాల్లో భిన్నాలు ప్రాథమిక తరగతుల్లో మొదలై తరగతి తరగతికీ తిరిగి కనిపించడం ఈ పద్ధతి వల్లే. ఆచరణలో దీనికొక చిక్కుంది. మొదటి చుట్టులో అర్థం కాని పిల్లవాడికి రెండో చుట్టు లోతును కాదు, అదే గందరగోళాన్ని మరికాస్త పెద్ద అంకెలతో ఇస్తుంది.

బెంజమిన్ బ్లూమ్ బృందం 1956లో చేసిన లక్ష్యాల వర్గీకరణ జ్ఞాపకం నుంచి మూల్యాంకనం దాకా ఆరు మెట్లుగా ఉంటుంది. ప్రశ్నపత్రాల బ్లూప్రింట్లన్నిటి వెనకా ఇదే ఉంది. 1998లో గ్రాంట్ విగ్గిన్స్, జే మెక్‌టై ప్రచారంలోకి తెచ్చిన వెనక నుంచి ముందుకు వచ్చే పద్ధతిలో ముందు చివరి ఫలితాన్ని, తర్వాత దానికి రుజువును నిర్ణయించుకుని, ఆ తర్వాతే పాఠం రాస్తారు. బ్రిటన్‌లో లారెన్స్ స్టెన్‌హౌస్ 1975లో వీటన్నిటినీ మరో వైపు నుంచి చూశాడు. ప్రణాళిక అనేది ఉపాధ్యాయుడు తన తరగతిలో పరీక్షించి చూడవలసిన ఒక ప్రతిపాదన మాత్రమేననీ, టీచరును పరిశోధకుడిగా చూడకపోతే ఏ ప్రణాళికా నిలవదనీ ఆయన వాదించాడు.

బరువు, వేగం

నవలాకారుడు ఆర్.కె. నారాయణ్ రాజ్యసభ సభ్యుడిగా 1989లో చేసిన ప్రసంగం పిల్లల బడి సంచుల బరువు గురించి. ఆ చర్చ కదిలించిన తీగ యశ్‌పాల్ కమిటీ దాకా సాగింది. భౌతిక శాస్త్రవేత్త యశ్‌పాల్ అధ్యక్షతన ఆ కమిటీ 1993లో ఇచ్చిన నివేదిక చిన్నదే గాని, స్వాతంత్ర్యం తర్వాత వచ్చిన విద్యా నివేదికల్లో సూటిగా మాట్లాడిన వాటిలో ఒకటి. సంచి బరువు కన్నా అర్థం కాకపోవడం అనే బరువే ఎక్కువ ప్రమాదకరమని అది తేల్చింది. సమాచారాన్ని కూరిన పుస్తకాలు, వాటిని ఏడాదిలో పూర్తి చేయాలన్న తొందర, అంతా గుర్తుందా అని అడిగే పరీక్ష ఒకదాన్నొకటి పోషించుకుంటున్నాయని చూపింది.

రెండు దశాబ్దాల తర్వాత పరిశోధకులు లాంట్ ప్రిచెట్, అమాండా బీటీ 2012లో అదే సంగతిని లెక్కల్లో చెప్పారు. పాఠ్యప్రణాళిక వేగం పిల్లలు నేర్చుకునే వేగాన్ని దాటిపోతే, ఏటా కొంతమంది వెనకబడతారు. వెనకబడినవారికి తర్వాతి ఏడాది పాఠాలు అందవు గనుక వారు ఇక ఎప్పటికీ అందుకోలేరు. అలాంటి చోట సిలబస్ వేగం తగ్గిస్తే మొత్తం మీద ఎక్కువ నేర్చుకుంటారు. ప్రథమ్ సంస్థ 2005 నుంచి గ్రామాల్లో నిర్వహిస్తున్న అసర్ సర్వేల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగేవారు సగం దగ్గరే అటూ ఇటూ ఊగుతున్నారు. మిగతా సగం ముందు అయిదో తరగతి పుస్తకం తెరిచి పెట్టడం వల్ల ప్రయోజనం ఏమిటన్నది సర్వే లేవనెత్తే అసలు ప్రశ్న. తరగతినిబట్టి కాక, చదవగలిగే స్థాయినిబట్టి రోజులో కొంతసేపు పిల్లలను జట్లుగా కూర్చోబెట్టి నేర్పే పద్ధతిని ప్రథమ్ రూపొందించింది. ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డుఫ్లో తదితరులు దీన్ని పలు రాష్ట్రాల్లో పరీక్షించి, శ్రద్ధగా అమలైన చోట మంచి ఫలితాలున్నాయని చూపారు.

అయితే కోత పెడితే చాలనుకోవడమూ పొరపాటే. జపాన్ 2002లో పాఠ్యాంశాలను దాదాపు 30 శాతం తగ్గించి, శనివారం బడి ఎత్తేసింది. పిల్లలకు ఊపిరి పీల్చుకునే వ్యవధి ఇవ్వాలన్నది ఉద్దేశం. దేశాలను పోల్చి చూసే అంతర్జాతీయ పీసా పరీక్షలో 2003లో జపాన్ స్థానం కిందికి జారడంతో దేశమంతా గగ్గోలు పుట్టింది. 2008లో ప్రణాళికను మళ్లీ సవరించి, తీసేసిన వాటిలో చాలా అంశాలను వెనక్కి తెచ్చారు. సింగపూర్ 2005లో తక్కువ బోధన, ఎక్కువ అభ్యసన అంటూ పాఠ్యాంశాలను కుదించింది. అక్కడ మిగిలిన కాలాన్ని ఉపాధ్యాయులు ఎలా వాడాలో ముందే ఆలోచించి పెట్టుకున్నారు.

రిషి వ్యాలీ నిచ్చెన

తెలుగు నేల నుంచి పాఠ్యప్రణాళిక రూపకల్పనకు అందిన అతి విలువైన కానుక మదనపల్లె దగ్గరి రిషి వ్యాలీ పాఠశాలలో పుట్టింది. దాని చుట్టుపక్కల పల్లెల్లో పిల్లలు తక్కువ, ఊళ్లు దూరం. ఒక గది, ఒక ఉపాధ్యాయుడు, అయిదు తరగతులు. ఇలాంటి బడికి ఒక తరగతి, ఒక టీచరు, ఒక పుస్తకం అన్న లెక్కతో రాసిన ప్రణాళిక మొదటి రోజే పనికిరాదు. 1980ల నుంచి వై.ఎ. పద్మనాభరావు, ఎ. రమ ఈ పల్లెల్లో రిషి వ్యాలీకి అనుబంధంగా నడిచే ఉపగ్రహ పాఠశాలల కోసం పాఠ్యపుస్తకాన్నే విప్పదీశారు.

ఏడాది పొడవునా నేర్చుకోవలసినదాన్ని చిన్న చిన్న మైలురాళ్లుగా విడగొట్టి ఒక నిచ్చెన మీద వరసగా పెట్టారు. ప్రతి మైలురాయికీ కొన్ని కార్డులు ఉంటాయి. పరిచయం చేసేది ఒకటి, సాధన చేయించేవి కొన్ని, వచ్చిందో రాలేదో చూసేది ఒకటి. రానివారికి మరో దారి చూపే కార్డు, వచ్చినవారికి ఇంకాస్త ముందుకు తీసుకెళ్లే కార్డు వేరుగా ఉంటాయి. కార్డు మీద గుర్తు చూసి, తాను ఎక్కడున్నదీ పిల్ల తానే తెలుసుకుని, ఆ కార్డు తీసుకుని, ఆ పనికి కేటాయించిన జట్టులో కూర్చుంటుంది. ఒక జట్టుకు టీచరు పూర్తిగా తోడుంటారు, మరో జట్టుకు కొంత, ఇంకో జట్టులో తోటిపిల్లలే సాయం, నాలుగో చోట ఎవరి పని వారిది. ఒకే గదిలో ఆరేళ్ల పిల్ల, పదేళ్ల పిల్లవాడు పక్కపక్కనే కూర్చుని వేర్వేరు మెట్ల మీద ఉండవచ్చు.

ఈ అమరికలో మూల్యాంకనం విడిగా ఒక పండగలా రాదు. ప్రతి మైలురాయిలోనూ ఇమిడి ఉంటుంది. చెనక్కాయలు పీకే రోజుల్లో పది రోజులు బడికి రాని పిల్లవాడు తిరిగి వచ్చాక, ఆగిన మెట్టు నుంచే ఎక్కుతాడు. పాఠం అతన్ని వదిలి వెళ్లిపోదు. కొలతల పాఠాల కోసం బడిలోనే సంత పెట్టి, ఊరివాళ్ల చేత కొనుగోళ్లు చేయించే మెట్రిక్ మేళా కూడా ఈ ప్రణాళికలో భాగమే.

ఈ పద్ధతి కర్ణాటకలో 1995లో హెగ్గడదేవనకోట ప్రాంతంలో మొదలైన నలి-కలి బోధన కార్యక్రమానికి స్ఫూర్తి అయింది. తమిళనాడులో 2003లో చెన్నై కార్పొరేషన్ బడుల్లో అడుగుపెట్టి, కొన్నేళ్లలోనే రాష్ట్రమంతటి ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు విస్తరించింది. విస్తరించిన చోట్ల విమర్శలూ వచ్చాయి. కార్డులు రాసిన ఉపాధ్యాయుల చేతిలో నిచ్చెన ఎందుకలా ఉందో వారికి తెలుసు. పెట్టెలో వచ్చిన కార్డులను అందుకున్నవారి చేతిలో అది కార్డు తర్వాత కార్డు దాటించే లెక్కగా మారే ప్రమాదం ఉంది. పుట్టిన చోట మాత్రం ఇంత పెద్దగా ఎప్పుడూ వ్యాపించకపోవడం తెలుగు విద్యాశాఖల గురించి కొంత చెబుతుంది.

పరీక్షతో తగవు

మధ్యప్రదేశ్‌లో 1972లో కిశోర్ భారతి, రసూలియా ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే సంస్థలు కలిసి హోషంగాబాద్ జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో సైన్సు బోధన కార్యక్రమాన్ని ప్రారంభించాయి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలు ప్రయోగాలు చేస్తూ, తమ పరిశీలనలను తామే రాసుకుంటూ నేర్చుకోవాలి. బాల్ వైజ్ఞానిక్ అనే వారి పుస్తకంలో ప్రశ్నలే ఎక్కువ, జవాబులు పిల్లలు కనుక్కోవలసిందే. ప్రయోగ సామగ్రి పెట్టె ప్రతి బడికీ వెళ్లేది. పిల్లలు అడిగే ప్రశ్నలకు సవాలీరామ్ అనే కల్పిత వ్యక్తి పేరుతో ఉత్తరాల్లో జవాబులు వచ్చేవి. 1982 నుంచి ఏకలవ్య సంస్థ ఈ పనిని చేపట్టింది.

దీని రూపకర్తలు అందరికన్నా ముందే గ్రహించిన సంగతి ఒకటుంది: పరీక్ష మారకపోతే పుస్తకం మార్చడం వృథా. ఎనిమిదో తరగతి చివరి పరీక్షలో పుస్తకం, నోటుపుస్తకం దగ్గర పెట్టుకుని రాసే పద్ధతిని, ప్రయోగ పరీక్షనూ ప్రభుత్వం చేత ఒప్పించారు. పుస్తకం చూసి రాయవచ్చన్నాక బట్టీ పట్టడంలో అర్థం ఉండదు. కార్యక్రమం సుమారు వెయ్యి బడులకు చేరింది. ముప్ఫై ఏళ్ల తర్వాత 2002లో రాష్ట్ర ప్రభుత్వం దాన్ని ఆపేసింది.

తెలుగు రాష్ట్రాల అనుభవం వేరు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1980లలో బ్రిటన్ సాయంతో వచ్చిన ప్రాథమిక విద్యా పథకం, అప్పెప్, కృత్యాలతో నేర్పే ఆరు సూత్రాలను టీచర్లకు అందించింది. పరిసరాలను వాడుకోవడం, జట్టు పని, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం అందులో ఉన్నాయి. 1990లలో దేశవ్యాప్తంగా వచ్చిన కనీస అభ్యసన స్థాయిలు ప్రతి సామర్థ్యాన్నీ అంకెల జాబితాగా రాశాయి. ఆ తర్వాత, యశ్‌పాల్ సారథ్యంలోనే రూపొందిన 2005 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రాన్ని, 2009 విద్యాహక్కు చట్టాన్ని అనుసరించి, 2011లో రాష్ట్ర పాఠ్యప్రణాళిక చట్రం సిద్ధమైంది. దాని వెంట 2012 నుంచి 2014 మధ్య ఒకటి నుంచి పది దాకా పుస్తకాలన్నీ కొత్తగా వచ్చాయి.

ఆ పుస్తకాల నాణ్యతను తక్కువ చేసి చెప్పడానికి లేదు. పాఠం చివర జవాబు కోసం వెతికే ప్రశ్నలు తగ్గి, ఆలోచించి సొంత మాటల్లో రాయవలసినవి పెరిగాయి. ప్రతి సబ్జెక్టుకూ విద్యా ప్రమాణాలు నిర్దేశించారు. గణితంలో సమస్యా సాధన ఒక్కటే సరిపోదు; కారణాలు చెప్పడం, వ్యక్తపరచడం, అనుసంధానం, ప్రాతినిధ్యపరచడం కూడా కొలవాలి. సైన్సులో ప్రశ్నించడం, పరికల్పన చేయడం అనేదే ఒక ప్రమాణం. నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే సీసీఈ, దీనికి తోడు. ఏడాదిలో నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు ఉండేవి. పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు, రాతపనులు, ప్రాజెక్టు పనులు, లఘు పరీక్ష అనే నాలుగు సాధనాలతో వాటికి మార్కులు వేయాలి.

ఉద్దేశం, పిల్లవాడు ఎక్కడ ఆగాడో టీచరుకు ఎప్పటికప్పుడు తెలియడం. జరిగింది రికార్డుల పని. నాలుగు సాధనాలకూ విడివిడిగా మార్కులు నమోదు చేయాలంటే, పెద్ద తరగతుల్లో ఆ నమోదే ఒక ఉద్యోగం. ప్రాజెక్టులు ఇంట్లో పెద్దవాళ్లు చేసిచ్చేవీ, దుకాణంలో కొన్నవీ అయ్యాయి. కొత్త పుస్తకం జవాబులను దాచిపెడితే గైడ్లు వాటిని బయటపెట్టాయి. ఇంట్లో చదువు చెప్పేవారు లేని పిల్లలకు గైడు లేకపోతే గడవని స్థితి వచ్చింది. పుస్తకం రాసినవారు కోరుకున్నది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. పదో తరగతిలో 20 మార్కులు బడి చేతిలో పెడితే, చాలా ప్రైవేటు బడులు అందరికీ 20కి 20 వేస్తున్నాయన్న ఆరోపణలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్ 2019లో ఆ అంతర్గత మార్కులను తీసేసింది, బిట్ పేపరునూ ఎత్తేసింది. 11 పేపర్ల పదో తరగతి పరీక్ష 2022-23 నాటికి రెండు రాష్ట్రాల్లోనూ 6 పేపర్లకు వచ్చింది.

సీసీఈ విఫలమైంది గనుక ఆ ఆలోచనే తప్పు అనడం తొందరపాటు. మార్కు వేయడం కోసం గమనించడం ఒకటి, రేపటి పాఠం మార్చుకోవడం కోసం గమనించడం మరొకటి. రెండోది కావాలనుకుని మొదటిదానికి పత్రాలు అచ్చు వేశారు.

బడి భాష

ఏ భాషలో నేర్పాలన్నది తెలుగునాట ప్రణాళికకన్నా రాజకీయంగా ఎక్కువ చర్చకు వస్తుంది. విద్యాహక్కు చట్టం వీలైనంత మేరకు మాతృభాషలో బోధించాలంటుంది. ఆంధ్రప్రదేశ్ 2019లో ప్రభుత్వ బడులను ఇంగ్లిష్ మీడియానికి మార్చే ఉత్తర్వు ఇచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అదే ఏడాది నుంచి ఎడమ పేజీ ఒక భాషలో, కుడి పేజీ మరో భాషలో ఉన్న ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. తెలంగాణ 2022-23లో ఇంగ్లిష్ మీడియం ప్రవేశపెట్టినప్పుడు అదే దారి పట్టింది. తల్లిదండ్రుల కోరికకూ పిల్లల అవగాహనకూ మధ్య రాజీగా ఇది చెడ్డ ఏర్పాటేమీ కాదు. పుస్తకం మందం రెట్టింపవుతుంది. దాన్ని సెమిస్టర్లుగా విడగొట్టి ఆ ఇబ్బందిని తగ్గించుకున్నారు.

తెలుగే పరాయి భాష అయిన పిల్లల సంగతి ఈ గొడవలో కనిపించదు. 2004లో ఉమ్మడి రాష్ట్రం సవర, కువి, కొండ, కోయ, గోండి, కొలామి, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు తొలి చదువు మొదలుపెట్టింది. లిపి తెలుగుదే, మాట వారిది. కొన్ని తరగతుల్లో క్రమంగా తెలుగుకు మారాలన్నది ప్రణాళిక. ఆ భాషలు తెలిసిన ఉపాధ్యాయులు దొరికిన మేరకే అది సాగింది. దీనికి పూర్తిగా అవతలి ఒడ్డున అమెరికాలో సిలికానాంధ్ర 2007లో ప్రారంభించిన మనబడి ఉంది. ఇంట్లో తెలుగు వింటూ బయట ఇంగ్లిషులో బతికే పిల్లల కోసం ప్రవేశం, ప్రసూనం, ప్రకాశం, ప్రమోదం, ప్రభాసం అనే తరగతులుగా ప్రణాళిక రాసుకున్నారు. వారానికి కొద్ది గంటలే దొరికే చోట ఏది ముందు, ఏది తర్వాత అన్నది అక్కడ ఆదర్శం కన్నా గడియారం ఎక్కువగా నిర్ణయిస్తుంది.

ప్రస్తుత స్థితి

2020 జాతీయ విద్యావిధానం పదేళ్ల బడి చదువు, రెండేళ్ల ఇంటర్ అన్న పాత అమరిక స్థానంలో 5+3+3+4 సంవత్సరాల దశలను ప్రతిపాదించింది. మూడేళ్ల వయసు నుంచి రెండో తరగతి దాకా ఒకే పునాది దశ. దీనికి చట్రం 2022లో, మొత్తం పాఠశాల విద్యకు చట్రం 2023లో వెలువడ్డాయి. 2021లో కేంద్రం మొదలుపెట్టిన నిపుణ్ భారత్ మూడో తరగతి ముగిసేలోగా ప్రతి పిల్లా చదవగలగాలి, చిన్న లెక్కలు చేయగలగాలి అన్న ఒకే లక్ష్యం పెట్టుకుంది. తెలంగాణలో 2022లో వచ్చిన తొలిమెట్టు కార్యక్రమం ఆ కోవలోదే. జాతీయ స్థాయి పత్రాల్లో ఇంత కురచ లక్ష్యం అరుదు. దాని బలమూ అదే.

విద్య 1976 నుంచి ఉమ్మడి జాబితాలో ఉంది. అందువల్ల జాతీయ చట్రం సూచన మాత్రమే, పుస్తకం, పరీక్ష, శిక్షణ రాష్ట్రాల చేతిలో ఉంటాయి. పుస్తకాలు రాసే పనిలో సర్వీసులో ఉన్న ఉపాధ్యాయులను కూర్చోబెట్టే అలవాటు తెలుగు రాష్ట్రాల విద్యా పరిశోధన, శిక్షణ మండళ్లకు (ఎస్‌సీఈఆర్‌టీ) ఎప్పటి నుంచో ఉంది. అయితే జపాన్‌లో పుస్తకం చేతికి వచ్చాక కూడా అక్కడి టీచర్ల పని ఆగదు. కొందరు కలిసి ఒక్క పాఠాన్ని తయారు చేసి, ఒకరు తరగతిలో చెబుతుంటే మిగతావారు పిల్లలను గమనించి, పాఠాన్ని దిద్దుకుని మళ్లీ చెబుతారు. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే మన స్కూల్ కాంప్లెక్స్ సమావేశాలకు అందుకు కావలసిన రోజులు, మనుషులు ఇప్పటికే ఉన్నారు. ఆ సమయాన్ని పై నుంచి వచ్చిన సర్క్యులర్లు, నింపవలసిన ఫారాలు తినేస్తున్నాయి.